వైనతేయ పేరుతో లేచిన డిస్కు

పోయిన నెలలో ఒకమ్మాయి ఫోన్ చేసింది. నా దగ్గర కొన్నాళ్లు పని నేర్చుకుని, ఇప్పుడు రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూస్తోంది. "కరెంటు పోయి వచ్చాక సర్వర్లో డిస్కు పేరు తేడాగా కనిపించింది మేడమ్. ఎప్పటిదో పాత మెషీను పేరు చూపించింది. పేరు మార్చేశాను, అంతా నడుస్తోంది," అంది సంతోషంగా.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ముందు అన్నీ ఆపెయ్యమ్మా. తర్వాత మాట్లాడుకుందాం," అన్నాను.

వాళ్లది వట్టి పేరు తేడాయేనని అరగంటలో తేలింది. నష్టమేమీ లేదు. కానీ నేనెందుకంత కంగారుపడ్డానో ఆ అమ్మాయికి ఆ పూట చెప్పలేకపోయాను. ఆమె కోసం, అలాంటి కుర్చీల్లో కూర్చునే మిగతా పిల్లల కోసం ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసింది అమలాపురం దగ్గర ఒక మిషన్ ఆసుపత్రిలో. పేరు చెప్పను. మా నాన్నగారు పొలం పనులకు వెళ్లేవారు. మిషన్ బడిలో చదువుకుని, టైపు నేర్చుకుని, ఆ ఆసుపత్రిలోనే టైపిస్టుగా చేరాను. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మా సీనియర్‌గారు నన్ను తన గదిలోకి తీసుకున్నారు. ఆయన కొత్తపేట నుంచి రోజూ స్కూటరు మీద వచ్చేవారు. మెల్లగా మాట్లాడేవారు. ఎన్నిసార్లు అడిగినా విసుగు లేకుండా చెప్పేవారు. నాకు సర్వరంటే ఏమిటో, డిస్కంటే ఏమిటో చెప్పింది ఆయనే. మా మెషీన్లకు గోదావరి పాయల పేర్లు పెట్టిందీ ఆయనే. రోగుల వివరాలుండే పాత సర్వరు పేరు వైనతేయ. దాని తర్వాత కొన్న దానికి గౌతమి అని పెట్టారు.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. మా సర్వరులో రోగుల వివరాలకు రెండు డిస్కులుండేవి. ఒకదాని మీద ఏది రాస్తే రెండోదాని మీదా అదే క్షణంలో రాసుకుంటుంది. ఒకటి పాడైతే రెండోది ఆదుకుంటుంది. దీనికి ప్రత్యేకమైన కార్డులేవీ అక్కర్లేదు, మెషీను నడిపే సాఫ్ట్‌వేరే ఆ జతను కాపాడుతుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్ అంటారు దాన్ని. ప్రతి డిస్కు మీదా ఒక మూల చిన్న చీటీ లాంటిది ఉంటుంది. తాను ఏ మెషీను జతకు చెందినదో, ఆ జత సంఖ్య ఎంతో, ఆఖరిసారి ఎప్పుడు మార్పు జరిగిందో, ఇప్పటికి ఎన్ని మార్పులు జరిగాయో అందులో ఉంటుంది. అదే మేం లేబులని పిలుచుకునేది.

వైనతేయ ముసలిదైపోయాక ఒక ఆదివారం ఆరాధన ముగించుకుని ఇద్దరం ఆసుపత్రికి వచ్చాం. డిస్కులు రెండూ తీసి గౌతమిలో పెట్టాం. లేబుల్ మీద మాత్రం ఇంకా వైనతేయ అనే ఉంది. సీనియర్‌గారు దాన్ని గౌతమి అని మార్చారు. పని బాగానే మొదలైంది. వెళ్లబోతూ ఆయన అన్నారు:

"రెండు డిస్కులూ కలిసి నడుస్తున్నాయో లేదో రేపొకసారి చూడమ్మా. నాకెందుకో రెండోది సరిగ్గా కూర్చోలేదనిపించింది."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

సోమవారం ఆయన రాలేదు. ఒళ్లు వెచ్చగా ఉందని మధ్యాహ్నం ఫోన్ చేశారు. కరోనా రెండోసారి ఊళ్లను ఊపేస్తున్న రోజులవి. ఆసుపత్రిలో ఎవరికీ ఊపిరి సలపడం లేదు. దగ్గు మధ్య ఆయన అడిగిన మొదటి మాట తన గురించి కాదు.

"జత కలిసిందా అమ్మా?"

నేను చూడలేదు. ఆయన కంగారుపడకూడదని అన్నానో, చూడలేదని చెప్పడానికి సిగ్గుపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేను. "కలిసిందండి. మీరు విశ్రాంతి తీసుకోండి," అన్నాను.

"అమ్మయ్య. ఏదైనా తేడా వస్తే నా మెయిలుకి వచ్చేలా పెట్టేనులే," అన్నారు.

రెండు వారాల్లో ఆయన పోయారు. ఆఖరి చూపుకు కూడా మమ్మల్ని వెళ్లనివ్వలేదు. ఆయన కుర్చీలో నేను కూర్చున్నాను. డిస్కుల సంగతి ఆ గొడవల్లో పూర్తిగా మరిచిపోయాను. ఆయన మెయిలు పెట్టె తెరవడానికి నాకు మనసొప్పలేదు. పోయినవారి ఉత్తరాలు విప్పి చదివినట్టుంటుందని దాన్ని అలాగే ఉంచేశాను. అప్పట్లో అది మర్యాద అనుకున్నాను.

అలా ఏడాదిన్నర గడిచింది.

ఆ రోజు వాయుగుండం వల్ల రెండు రోజులుగా ఆగకుండా వాన. కరెంటు వస్తూ పోతూ ఉంది. తెల్లవారుజామున జనరేటరు మారేటప్పుడు సర్వరు ఆగి మళ్లీ లేచింది. నేను ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి ఓపీ వరండా అంతా తడిసిన గొడుగులు, జనం. కౌంటరులో తెరలన్నీ ఖాళీగా ఉన్నాయి.

సర్వరు ముందు కూర్చుని చూశాను. డిస్కుల జత సున్నా నంబరుతో, గౌతమి పేరుతో కనిపించాలి. దానికి బదులు నూట ఇరవై ఏడో నంబరుతో, వైనతేయ పేరుతో ఒకటి లేచి ఉంది. తనకు తెలిసిన పేరు కాకపోతే సాఫ్ట్‌వేరు అలా పరాయి నంబరు ఇస్తుందని నాకు తెలుసు. జతలో ఉండవలసిన రెండో డిస్కు కనిపించనే లేదు.

వైనతేయ ఎప్పుడో పాత సామానుతో పోయింది. ఆ పేరు చూడగానే నేను ఆగవలసింది. ఆగలేదు. కరెంటు దెబ్బకి ఒక డిస్కు పోయింది, రెండోది ఉందిగా, జత పెట్టుకున్నదే ఇందుకు కదా అనుకున్నాను. పేరు సంగతంటారా, ఆ కుదుపులో కొత్త పేరు చెరిగి పాతది బయటపడి ఉంటుందని నాకు నేనే కథ అల్లుకున్నాను. పాత రోగి ఒకాయన పేరు కొట్టి చూస్తే ఆయన వివరాలు చక్కగా వచ్చాయి.

సూపరింటెండెంటుగారు తలుపు దగ్గరకు వచ్చారు. పెద్దాయన, శస్త్రచికిత్సల్లో మంచి పేరు. "ఏమండీ, ఎంతసేపు పడుతుంది? బయట జనం తడిసిపోతన్నారు," అన్నారు.

"అయిపోయిందండి," అన్నాను.

వైనతేయ అన్న పేరు తీసేసి గౌతమి అని రాశాను. సున్నా నంబరు ఇచ్చాను. తెరలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. "శభాష్," అని ఆయన వెళ్లిపోయారు. నాకు సంతోషం వేసిందని దాచడమెందుకు.

పదిన్నర దాటాక రికార్డు గుమాస్తాగారు వచ్చారు. నాకంటే పదేళ్లు పెద్ద. ఉద్యోగం ముగిసినా ఆసుపత్రివారు ఆయన్ని వదులుకోలేక ఉంచుకున్నారు. కంప్యూటరు ఎంత చేసినా, వచ్చిన ప్రతి రోగి పేరూ నంబరూ తన పెద్ద పుస్తకంలో చేత్తో రాసుకునేవారు. ఆ పుస్తకం ఇక అనవసరమని, ఆపించాలని నేను రాసిన కాగితం సూపరింటెండెంటుగారి సంతకం కోసం నా బల్ల మీదే ఉంది. ఆయనకు ఆ సంగతి తెలుసు కూడా.

"మేడమ్‌గారూ, నంబర్లు వెనక్కెళ్తన్నాయండి," అన్నారు.

"అంటే?"

"కొత్తవాళ్లకి ఇప్పుడిస్తన్న నంబర్లు మనం ఎప్పుడో ఇచ్చేసినవేనండి. ఇదిగో, ఈ నంబరు ముక్తేశ్వరం ఆవిడది. నా పుస్తకంలో ఉంది చూడండి."

నేను పుస్తకం వైపు సరిగ్గా చూడను కూడా లేదు. "కరెంటు వల్ల లెక్క జారి ఉంటుందండి. సాయంత్రం సరిచేస్తాను," అన్నాను.

"ఆయ్," అని ఆయన కొంచెంసేపు నిలబడి, వెళ్లిపోయారు. ఒక డాక్టరుగారు కూడా, పోయిన నెల తాను రాసిన మందులు తెరమీద లేవని, ఎక్కించడం మరిచిపోయారని కౌంటరులో అమ్మాయిని కేకలేశారట. ఎవరి పొరపాటు వాళ్లదని అందరం అనుకున్నాం. అందరి పొరపాటూ ఒక్కటేనని ఎవరికీ తట్టలేదు.

పదకొండు దాటాక చికిత్స గది వైపు పరుగుల చప్పుడు వినిపించింది. ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు ఆ పరుగు తెలుస్తుంది. నేను పట్టించుకోకుండా నా పనిలో ఉండిపోయాను. కొంతసేపటికి సిస్టర్‌గారు నా గదిలోకి వచ్చారు. నర్సులందరికీ పెద్ద ఆవిడ. ఎప్పుడూ గొంతు పెంచరు.

"అల్లవరం నుంచి ఒకమ్మాయి జ్వరంతో వచ్చిందమ్మా. డ్యూటీ డాక్టరుగారు తెర చూసి, చేతి మీద మందు చుక్కతో పరీక్ష కూడా చేసి, అందులో ఏమీ తేలక ఇంజెక్షన్ ఇచ్చేరు. నిమిషంలో ఊపిరి ఆగిపోయింది. బీపీ అందలేదు."

"ఇప్పుడెలా ఉందండి?"

"ఐసీయూలో ఉంది. బతుకుద్దనే అనుకుంటన్నాం. నేనడిగేది అది కాదమ్మా. ఆ మందు ఆ పిల్లకి పడదు. మూడు నెలల కిందట ఒళ్లంతా దద్దుర్లొస్తే నా చేత్తో నేనే కంప్యూటర్లో ఎక్కించేను. ఎర్ర అక్షరాల్లో. ఇప్పుడు లేదు. ఎవరు తీసేసేరు?"

ఆమె వివరాలు తెరిచాను. ఎర్ర అక్షరాలు లేవు. మూడు నెలల కిందట ఆమె ఆసుపత్రికి వచ్చినట్టే లేదు. రెండేళ్ల కిందటి రాక మాత్రం ఉంది. ఇంకొకరిది తెరిచాను. తర్వాత మరొకరిది. ఎవరిది చూసినా ఒక రోజు దగ్గర ఆగిపోతోంది. ఆ రోజేదో చూశాను. మేం డిస్కులు మార్చిన ఆదివారం. ఈ ఉదయాన్ని పక్కన పెడితే, ఆ ఆదివారం తర్వాత ఆసుపత్రిలో ఏమీ జరగనట్టే ఉంది. అంతకుముందు ఆఖరుగా లాగిన్ అయినవారి జాబితా తెరిస్తే మా సీనియర్‌గారి పేరు కనిపించింది. ఆ డిస్కులో ఆయన ఇంకా బతికే ఉన్నారు.

అప్పుడు అర్థమైంది. ఆ ఆదివారం రెండో డిస్కు నిజంగానే సరిగ్గా కూర్చోలేదు. పేరు మార్చక ముందే జత నుంచి జారిపోయింది. అందుకే దాని మీద వైనతేయ అన్న పాత పేరు అలాగే ఉండిపోయింది. ఏడాదిన్నరగా ఆసుపత్రి మొత్తం ఒక్క డిస్కు మీదే నడిచింది. ఈ తెల్లవారుజామున ఆ మంచి డిస్కు ఎందుకో లేవలేదు. జారిపోయిన డిస్కు ఒంటరిగా లేచి, తన పాత పేరు తాను చెప్పుకుంది. అది నిజమే చెప్పింది. నేనే దాని పేరు మార్చి, కొత్తదని అందరికీ చూపించాను.

సూపరింటెండెంటుగారి గదికి పరుగెత్తాను. "తెరలన్నీ ఆపించెయ్యాలండి. ఇప్పుడే."

"బయట లైను చూసేరా మీరు?"

"చూశానండి. తెర మీద కనిపించేది ఏడాదిన్నర కిందటిదండి. ఆ అల్లవరం అమ్మాయికి జరిగింది దానివల్లే. ఇంకో ఇంజెక్షన్ ఇవ్వకముందే ఆపాలి."

ఆయన చేతిలో కాగితం పక్కన పెట్టేశారు. తనే లేచి వెళ్లి, గది గదికీ తిరిగి, డాక్టర్ల చేత తెరలు ఆపించారు. ఏ మందు పడదో ప్రతి రోగినీ నోటితో అడిగి, కాగితం మీద రాయమన్నారు. అంతవరకూ ఇంజెక్షన్ చేయించుకున్న ప్రతివారినీ వెతికి కూర్చోబెట్టారు. దేవుని దయ, ఇంకెవరికీ ఏమీ కాలేదు.

సర్వరు ఆపి మూత విప్పాను. మంచి డిస్కుకి కరెంటిచ్చే తీగ వదులుగా ఉంది. గట్టిగా నొక్కి, ఏ డిస్కూ తనంతట తాను పని మొదలుపెట్టకుండా జాగ్రత్తపడి మెషీను లేపాను. రెండూ కనిపించాయి. రెండింటి మీదా గౌతమి అనే ఉంది. ఏది పాతదో చెప్పే గుర్తు ఒక్కటే ఉండేది. పొద్దున్న దాన్ని నా చేత్తోనే చెరిపేశాను.

మెషీను తనలోని డిస్కులను అక్షరాలతో పిలుస్తుంది. పొద్దున్న ఒక కాగితం మీద రాసుకున్నాను, పనిచేస్తున్న డిస్కు "బి" అని. అంటే పాతది బి. మంచిది సి అయి ఉండాలి. సి ని అసలుగా పెట్టి, బి మీద ఉన్నది చెరిపి, సి లోంచి మళ్లీ రాయించాలి. జత కలపడమంటే అంతే. ఆ ఆదేశం కొట్టాను. ఎంటర్ నొక్కడమే తరువాయి.

గుమాస్తాగారు ఎప్పుడు వచ్చారో, నా ఎదురు కుర్చీలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నారు.

"మేడమ్‌గారూ, ఇందులో అసలు ఏదండీ?"

"సి అండి."

"ఎలా తెలుసునండీ?"

ఆయన ఎత్తిపొడవడం లేదు. ఆయనకు నిజంగానే తెలియక అడిగారు. నా దగ్గర చెప్పడానికి ఆ కాగితం ముక్క తప్ప ఏమీ లేదు. వేలు వెనక్కి తీశాను.

ఒక్కొక్క డిస్కు మీదున్న చీటీని అప్పుడు పూర్తిగా చదివాను. సి మీద ఆఖరి మార్పు ఈ రోజు ఉదయానిది. బి మీద ఆఖరి మార్పు తెల్లవారుజామున కరెంటు పోయిన వేళది. తేదీ చూసి నమ్మేవారెవరైనా సి నే కొత్తదంటారు. కానీ దాన్ని పొద్దున్న తట్టిలేపి ఇవాళ్టి తేదీ అంటించింది నేనే కదా. ఎన్ని మార్పులు జరిగాయో చెప్పే అంకెలు చూశాను. సి మీద కొద్దిగా ఉంది. బి మీద దానికి ఎన్నో రెట్లు ఉంది. ఏడాదిన్నర రోజులన్నీ బి లోనే ఉన్నాయి.

మెషీను లేచిన ప్రతిసారీ ఆ అక్షరాలు కొత్తగా, వరసన పంచుతుంది. పొద్దున్న మంచి డిస్కు లేదు కాబట్టి పాతదానికి బి అనే అక్షరం దక్కింది. ఇప్పుడు రెండూ ఉండేసరికి అక్షరాలు జరిగిపోయాయి. ఆ ఎంటర్ నొక్కి ఉంటే ఏడాదిన్నరగా వచ్చిన రోగుల వివరాలన్నీ నా కళ్లముందే చెరిగిపోయేవి. పదిహేను రోజులకోసారి తీసే నకలు ఒకటి బీరువాలో ఉండేది. ఆ పదిహేను రోజుల్లో వచ్చినవారికి ఏం చెప్పేవాళ్లం?

కొట్టిన ఆదేశాన్ని ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరిపాను. బి ని ఒక్కదాన్నే, ఏమీ రాయకుండా చదవడానికి మాత్రమే తెరిచాను. అల్లవరం అమ్మాయి పేరు కొట్టాను. ఎర్ర అక్షరాలు వచ్చాయి. సిస్టర్‌గారు రాసిన తేదీ, కింద ఆవిడ పొడి అక్షరాలు. అవి చూశాక నాకు ఏడుపు ఆగలేదు. గుమాస్తాగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

పాత డిస్కుని బయటకి తీసి కవర్లో పెట్టి, మీద సంగతంతా రాసి, సీలు వేశాను. దాన్ని జతకు కలపలేదు. కొత్త డిస్కు మర్నాడు కాకినాడ నుంచి తెప్పించి జత చేశాం. ఆ ఉదయం తప్పు డిస్కులో పడ్డ రోగుల పేర్లు మాత్రం మళ్లీ ఎక్కించాలి. అవన్నీ ఒక్కచోటే సరిగ్గా ఉన్నాయి. ఆ రోజే గుమాస్తాగారు పుస్తకం చూసి చదివారు, నేను కొట్టాను. పొద్దుగూకేదాకా పట్టింది.

మధ్యలో అన్నాను, "మీరు చెప్పినప్పుడే వినవలసిందండి."

"నేనూ గట్టిగా చెప్పవలసిందండి. మీరు విసుక్కుంటారని ఊరుకున్నాను," అన్నారు ఆయన పుస్తకంలోంచి తల ఎత్తకుండానే. ఆ మాట నాకు తిట్టు కంటే ఎక్కువగా తగిలింది. నా బల్ల మీది కాగితాన్ని ఆయన ఎదురుగానే చించేశాను.

మర్నాడు సీనియర్‌గారి మెయిలు పెట్టె తెరిచాను. పేజీ తర్వాత పేజీ, రోజుకొకటి, ఒకే ఉత్తరం. గౌతమి రాసింది ఆయనకి: జతలో ఒక డిస్కు లేదు, చూడండి. అన్నీ చదవనివే. మొట్టమొదటిది సోమవారం ఉదయం వచ్చింది. ఆయన మధ్యాహ్నం నాకు ఫోన్ చేసి, జత కలిసిందా అని అడిగిన రోజు. ఆయన ఇంట్లో మంచం మీద ఉన్నారు, మెయిలు చూసుకునే ఓపిక లేదు. నన్ను అడిగారు. నేను కలిసిందన్నాను. ఆయన నమ్మారు.

ఆ సంగతి ఇంటికి వెళ్లాక మా ఆయనకి కూడా చెప్పలేదు. తప్పు చేసి క్షమించమని అడగడానికి మనిషి లేకపోవడం ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

సూపరింటెండెంటుగారు పై వారికి పంపవలసిన నివేదికలో, కరెంటు హెచ్చుతగ్గుల వల్ల సాంకేతిక లోపం అని రాయించారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, నన్ను కాపాడదామనే. నేను వేరే కాగితం రాసి తీసుకెళ్లాను. సోమవారం ఆడిన అబద్ధం, తెరవని మెయిలు, మార్చిన పేరు, గుమాస్తాగారు చెప్పినా వినని మాట, అన్నీ వరసగా రాశాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"ఇదంతా అక్కర్లేదేమోనండి."

"నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునేవారికి అక్కరండి," అన్నాను.

ఆయన దాన్ని నివేదికకి జతచేశారు. నాకొక హెచ్చరిక పత్రం వచ్చింది. రిటైరయ్యేదాకా అది నా ఫైల్లోనే ఉంది. ఉండాలి కూడా.

నాలుగో రోజు ఆ అల్లవరం అమ్మాయిని వార్డుకి మార్చారు. సాయంత్రం నాలుగింటికి వెళ్లాను. ఆమెకి ముప్పై ఏళ్లు దాటి ఉంటాయి. రొయ్యల చెరువుల దగ్గర పనికి వెళ్తుందట. బాగా నీరసంగా ఉంది, గొంతు ఇంకా బొంగురుగా ఉంది. భర్త మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లకి నేనెవరో చెప్పాను. జరిగిందంతా, వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాను. పాత పుస్తకాన్ని కొత్త పుస్తకమని నేనే అట్ట మార్చి డాక్టరుగారి ముందు పెట్టానని చెప్పాను.

భర్త స్టూలు ముందుకి జరుపుకున్నాడు. "పెద్ద డాక్టరుగారు కరెంటని చెప్పేరండి. మరి మీరెందుకు చెప్తన్నారు?"

"కరెంటు వల్ల జరిగింది కొంతేనండి. మిగతాది నేను చేసింది."

"మా ఆవిడ పోయుంటే?"

అతను లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. నేనూ లేవబోయాను. ఆమె చెయ్యి కదిపి, కూర్చోమంది.

"డాక్టరుగారు నన్నడిగేరండి, ఏ మందైనా పడదా అని," అంది మెల్లగా. "మీ కంప్యూటర్లో ఉందండి అన్నాను. ఆయన చూసి, ఏం లేదమ్మా అన్నారు. ఆయనకే తెలుసు కదా అని ఊరుకున్నానండి."

"మందు పేరు మీకు గుర్తు లేదా అమ్మా?"

"పోయినసారి చీటీ మీద రాసిచ్చేరండి. కంప్యూటర్లో ఎక్కించేం, ఇంక చీటీ పోయినా బెంగలేదని మీ కౌంటర్లో అమ్మాయి చెప్పింది. బీరువాలో రేకుపెట్టెలో కొన్నాళ్లుంచి పారేసేనండి."

ఆ కౌంటరు అమ్మాయికి ఆ మాట చెప్పమని నేర్పింది నేనే. శిక్షణ తరగతిలో, నల్లబల్ల ముందు నిలబడి, గర్వంగా నేర్పాను.

సిస్టర్‌గారి బల్ల మీద నుంచి ఒక గట్టి అట్టముక్క తెచ్చాను. పెద్ద అక్షరాలతో, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి మందు పేరు రాశాను. ఇది నాకు పడదు అని కింద రాసి ఇచ్చాను. ఆమె అట్టముక్కని తిప్పి చూసింది.

"నాకు చదువు రాదండి. ఏం రాసేరో చదవండి."

"సెఫ్‌ట్రయాక్సోన్."

"అబ్బ. ఇంకోసారి."

ముక్కలు చేసి చెప్పాను. సెఫ్. ట్రయ్. యాక్. సోన్. ఆమె కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ అంది. రెండోసారి మధ్యలో తప్పింది. నేను దిద్దాను. మూడోసారి ఊపిరి అందక ఆగింది. తొందరేం లేదన్నాను. "లేదండి, ఇప్పుడే రావాలి నాకు," అంది. వరండాలోంచి భర్త వచ్చి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. ఎన్నిసార్లు చెప్పించుకుందో నేను లెక్కపెట్టలేదు. కిటికీ బయట వాన తెరిపిచ్చింది.

ఐదింటికి ఒక నర్సు ట్రేతో వచ్చింది. కొత్తమ్మాయి. మంచానికి వేలాడుతున్న కాగితం చూసి, సిరంజి చేతిలోకి తీసుకుంది. ఆమె మోచెయ్యి ఆనించుకుని సగం లేచి కూర్చుంది. అట్టముక్క దుప్పటి మీదే ఉంది, దాని వైపు చూడలేదు.

"ఆగండమ్మా," అంది. "నాకు సెఫ్‌ట్రయాక్సోన్ పడదు. ఇదేం మందో చెప్పి ఇవ్వండి."